వేళ్ళు, వీసాలు, గురులఘువులు



మా తాతగారు బచ్చన్నపేటలో ఒక షావుకారు వద్ద పద్దులు రాసేవారు. నిజాం ఏలుబడి నాటి మాట. ఆయన కాలం చేసిన తరువాత ఆ దస్తరాలు చాలా యేళ్ళు మా అటక మీదనే పడి ఉన్నాయి. పండిత శిక్షణ ముగించుకొని నేను ఇంటికి వచ్చిన ఎండాకాలంలో, ఇంటికి సున్నం వేయించడానికని వాటిని కిందికి దించాము. విప్పి చూస్తే అంకెల పక్కన ఏవో నిలువు గీతలు, అడ్డగీతలు. భాషాప్రవీణుడనన్న గర్వంతో ఉన్నవాణ్ణి కదా, నాకు తెలియనిది తెలుగులో ఉండదనుకున్నాను. మూటలు లెక్కపెట్టుకున్న గుర్తులు కాబోలునని తీర్మానించి, దస్తరాలన్నీ పొట్లాలు కట్టుకోవడానికి ఒక కిరాణా దుకాణానికి తూకానికి ఇచ్చివేశాను. మా బాపమ్మ తన పెట్టెలో దాచుకున్న ఒక్క కట్ట మాత్రం మిగిలింది.

ఆ గీతలేమిటో నాకు తెలియడానికి ముప్పై యేళ్ళు పట్టింది. తెలిపింది ఏ నిఘంటువూ కాదు, కంప్యూటరు. ఆ సంగతి చెప్పాలంటే వేళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

మన భాషలో వేలు అంటే చేతి వేలు. వేలు అంటే వెయ్యికి బహువచనం కూడా. ఇది కేవలం శబ్దసామ్యమే, రెంటికీ చుట్టరికం కలపబోను. కాని లాటిన్ భాషలో నిజంగానే చుట్టరికం ఉన్నది. అక్కడ వేలికి డిజిటస్ అని పేరు. వేళ్ళ మీద లెక్కించినది గనుక అంకె డిజిట్ అయింది. అంకెలతో నడిచేది గనుక యంత్రం డిజిటల్ అయింది. ఇవాళ లోకమంతా జపిస్తున్న ఆ మాటకు మూలం మన చేతి చివరనే ఉన్నదన్నమాట. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అని ఒళ్ళంతా కొలబద్దగా చేసుకున్న మనకు ఇదేమంత వింత కాదు. జనగామ అంగడిలో పూలమ్మే ఆమె ఈనాటికీ తన మోచేతితోనే మూర కొలుస్తుంది. ఆమె చేయి పొట్టిదైతే నష్టం మనది.

వేళ్ళ మీద లెక్క అనగానే పది అనుకుంటాము. మా బాపమ్మ పది వేళ్ళు వాడేది కాదు. బొటనవేలితో తక్కిన నాలుగు వేళ్ళ కణుపులను తాకుతూ పోయేది. వేలికి మూడు కణుపుల చొప్పున ఒక్క చేతిలోనే పన్నెండు. జపానికైతే నడిమి వేలి రెండు కణుపులను మేరువని విడిచిపెట్టి పది చేసుకొనేది.

బజారు లెక్క ఈ పదిని పట్టించుకోలేదు. దానికి నాలుగే ప్రాణం. ఒకటిని నాలుగు చేస్తే కాలు, కాలును నాలుగు చేస్తే వీసం. రూపాయిలో వీసమే అణా. ధాన్యం కొలతలు చూడండి. నాలుగు గిద్దెలు ఒక సోల. అక్కడి నుండి అన్నీ రెట్టింపులే: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ఊరూరికీ కొలపాత్ర కొంచెం మారేది గాని వరుస ఇది. హెచ్చవేసి చూసుకోండి, తూముకు సరిగ్గా 256 గిద్దెలు. కంప్యూటరు చదువుకున్నవారికి ఈ సంఖ్య ఎక్కడో తగులుతుంది. ఎనిమిది బిట్ల బైటుకు ఉండగల విలువలు 256. దీనికి రహస్యమేమీ లేదు. ఒక కుప్పను తక్కెడ లేకుండా, గొడవ లేకుండా పంచాలంటే సగం చేయడమే సులువు. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయడం సులువు. గింజలు పంచినా విద్యుత్తుతో లెక్కించినా రెండుతో పని తేలిక.

ఇక ఆ గీతలు. తెలుగు లిపి 1991లో యూనికోడు తొలి కూర్పులోనే చేరింది. 2008లో 5.1వ కూర్పు వచ్చినపుడు దానికి కొన్ని కొత్త గుర్తులు జతచేశారు. ఒకనాడు ఏదో ఇతర అక్షరం కోసం ఆ పట్టిక వెతుకుతూ అట్టడుగు వరుసకు వచ్చి ఆగిపోయాను. ౹ ౺ ౻ అని నిలువు గీతలు, ౼ ౽ ౾ అని అడ్డగీతలు! తాతగారి గీతలే. నాలుగో వంతులకు నిలువు గీత, పదహారో వంతులకు అడ్డగీత, ఆ దిగువన మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం. ఒక్కో స్థానంలో మూడు గీతలకు మించి ఉండవు, ఎందుకంటే నాలుగైతే పై స్థానంలోకి ఒకటిగా ఎక్కుతుంది. స్థానం మారగానే గీత తిరుగుతుంది గనుక ఏది దేని లెక్కో పొరబడే వీలు లేదు. మూడు నిలువులు, రెండు అడ్డాలు ఉంటే ముప్పాతిక, దానిపై రెండు వీసాలు. రూపాయి లెక్కలో 14 అణాలు. దశాంశ నాణేలు 1957లో వచ్చి ఈ విద్యను మెల్లగా మింగేశాయి. నాకు వీసం ఎక్కం నోటికి వచ్చును. గీతలు మాత్రం మా బడికి రాలేదు.

ఆ రాత్రి కట్ట విప్పి కూర్చున్నాను. తూకానికి వేసిన తక్కిన దస్తరాలు కళ్ళ ముందర మెదిలాయి. వాటిలో చక్కెర, చింతపండు పొట్లాలు కట్టి ఉంటారు.

నాలుగుతో లెక్క తాతగారిదైతే, రెండుతో లెక్క నా వృత్తిలోనే ఉన్నది. అదీ నాకు ఆలస్యంగానే తెలిసింది. సుమారు పాతికేళ్ళ కిందట పదవ తరగతిలో గణవిభజన చెబుతుంటే వెనుక బల్ల మీది పిల్లవాడు లేచి, “సార్, ఈ గురువులు, లఘువులు ఎందుకు పనికొస్తయి?” అని అడిగాడు. “పరీక్షల మార్కులకు పనికొస్తయి, కూర్చో” అన్నాను. తరగతి నవ్వింది. వాడు కూర్చున్నాడు. అది జవాబు కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

జవాబు పింగళుని ఛందశ్శాస్త్రంలో రెండు వేల యేళ్ళకు పూర్వమే ఉన్నది. అక్షరం గురువో లఘువో ఒకటే కాగలదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మాత్ర అంటే చిటిక వేసినంత సేపు, రెప్పపాటు కాలం. ఇక్కడా కొలత శరీరమే. ఒక అక్షరానికి రెండు విధాలు, రెండక్షరాలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. అందుకే యమాతారాజభానస అని మూడక్షరాల గణాలు ఎనిమిదే. ఇరవై అక్షరాల పాదానికి కృతి ఛందస్సని పేరు. అందులో పుట్టగల వృత్తాలు 10,48,576. సరిగ్గా ఇదే సంఖ్య, కంప్యూటరు జ్ఞాపకాన్ని కొలిచే మెగాబైటులోని బైట్ల సంఖ్య కూడాను!

ఇంతమందిలో మన ఉత్పలమాల ఎన్నోది? దీనికి ఉద్దిష్టమనే ప్రక్రియ ఉన్నది. భ, ర, న, భ, భ, ర, వ గణాల గురులఘువులను వరుసగా రాయండి. వాటి మీద ఎడమ నుండి 1, 2, 4, 8 అని రెట్టింపు చేస్తూ పోండి. లఘువుల మీద పడిన అంకెలన్నీ కూడి ఒకటి కలపండి. 3,55,799 వస్తుంది. చంపకమాలకు ఇరవై ఒక్క అక్షరాలు. ఇలాగే చేస్తే 7,11,600. లక్షణగ్రంథాలలోని వృత్తసంఖ్యలు నేను పరీక్షల కోసం బట్టీ పెట్టినవే. అవి ఎలా పుట్టాయో ఏనాడూ వేసి చూడలేదు. వెనుకకు నడిచే దారీ ఉన్నది, దాని పేరు నష్టం. సంఖ్య ఇస్తే వృత్తం చెప్పాలి. సరిసంఖ్య అయితే లఘువు రాసి సగం చేయి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయి. 3,55,799 బేసి, గురువు. సగం 1,77,900 సరి, లఘువు. 88,950 సరి, లఘువు. 44,475 బేసి, గురువు. గురువు, లఘువు, లఘువు, గురువు... ఉత్పలమాల నడక వినబడటం లేదూ? దశాంశ సంఖ్యను కంప్యూటరు భాషలోకి దించే పద్ధతికి ఇది తోబుట్టువు. ఐరోపాలో లైబ్నిట్జ్ రెండంకెల గణితం మీద తన వ్యాసం అచ్చువేసింది 1703లో.

అయితే ఒక మాట. కంప్యూటరును మనవాళ్ళే ఎప్పుడో కనిపెట్టారని చాటింపు వేయడానికి ఇది చాలదు. పింగళుడు లెక్కించింది ఛందస్సులను. ఆ గుర్తులతో కూడికలు, తీసివేతలు చేయబోలేదు. కంప్యూటరుకు సంస్కృతమే తగిన భాష అని నాసా వారు తీర్మానించారన్న పుకారు కూడా ఇటువంటిదే. 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు రాసిన ఒక్క వ్యాసాన్ని పట్టుకొని అల్లినది. ఉన్న గొప్పను ఉన్నంత చెబితే చాలునని నా అభిప్రాయం.

మా జిల్లా కవులిద్దరినీ ఈ లెక్కలోకి దించాలనిపించింది. బమ్మెర పోతన వృత్తం రాసినపుడు పాదం నడక ముందే నిశ్చితం. ఇరవై అక్షరాలలో ఒక్కటి తారుమారైనా అది వేరే సంఖ్య గల వృత్తమైపోతుంది. పాలకురికి సోమనాథుని ద్విపద అలా కాదు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణాలు ఆరు, సూర్యగణాలు రెండు. ఆరు ఆరులు ముప్పయ్యారు, ముప్పయ్యారు ఆరులు 216, దానికి రెట్టింపు 432. యతిప్రాసల మాట పక్కన పెడితే ఒక్క పాదానికి 432 నడకలు! జానుతెనుగు కోరుకున్న కవి ద్విపదను ఎందుకు పట్టుకున్నాడో ఈ అంకె కొంత చెబుతుంది.

రెండుతో లెక్క మనిషి ఒంటికీ అంటుకున్న కథ మరొకటి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు. వచ్చిపడే వేలాది ముద్రలను వెతికి తీయడమెలా? అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్-ఇన్‌స్పెక్టర్ల శ్రమతో తయారైన పద్ధతిలో, పది వేళ్ళలో ఒక్కొక్క వేలికి సుడి ఉన్నదా లేదా అని చూస్తారు. ఉన్నది, లేదు, పదిమార్లు. 1024 అరలు. ముప్పై రెండుకు ముప్పై రెండు గళ్ళ బీరువా. పేరు ఎడ్వర్డ్ హెన్రీ అనే దొరకు దక్కింది.

పేరు దక్కనివారి మాట వచ్చింది గనుక మన హైదరాబాదు సంగతి చెప్పాలి. కంప్యూటర్ అనే మాట మూడు వందల యేళ్ళకు పైగా మనిషికే చెల్లింది. లెక్కలు కట్టే ఉద్యోగికి ఆ పేరు. రాధానాథ్ సిక్దార్ 1831లో సర్వే శాఖలో చేరింది కంప్యూటరుగానే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆయన మరణం తరువాత 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక చేయాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన మహాకార్యంలో, చిలీ దేశపు సాంటియాగో చేయలేకపోయిన భాగం బేగంపేటలోని ఈ వేధశాలకు వచ్చింది: ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల పట్టీ. రాత్రి గాజు పలక మీద ఫోటో తీయడం ఒక వంతు. పగలు ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, గళ్ళ మధ్య ఒక్కొక్క చుక్క ఎక్కడున్నదో కంటితో కొలిచి, చేత్తో రాయడం తొంభై తొమ్మిది వంతులు. 1917 నుండి 1946 వరకు పన్నెండు సంపుటాలు వెలువడ్డాయి. ఏడున్నర లక్షలకు పైగా చుక్కలు! ఒక్కొక్క చుక్కకూ ఎవరో ఒకరు రెప్పవేయక కన్ను ఆనించి చూసి ఉండాలి. సంచాలకులుగా టి. పి. భాస్కరన్ వంటివారి పేర్లు చరిత్రలో ఉన్నాయి. వాటికన్‌లో ఇదే పని చేసిన నలుగురు సన్యాసినులను ఈమధ్య లోకం తలచుకున్నది. మన చుక్కలు కొలిచినవారి పేర్లు నేను ఎక్కడా చదవలేదు.

ఆ శ్రమ ఏమైంది? సంపుటాలు చాలాకాలం బీరువాలలో మగ్గాయి. తరువాత హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుండి 1993 వరకు నక్షత్రాల స్థానాలు కొలిచింది. చుక్క కదలిక తెలియాలంటే ఇప్పటి స్థానం ఒక్కటే చాలదు, పాత స్థానమూ కావాలి. అపుడు ఆ పాత పట్టికలను కంప్యూటర్లలోకి ఎక్కించి, 2000లో టైకో-2 అనే పట్టిక చేశారు. సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలు అందులో ఉన్నాయి. బేగంపేటలో కన్ను ఆనించిన గుమాస్తా కొలత, ఆయన ఊహకందని యంత్రానికి ఆధారమైంది.

ఇది చదివిన రోజు నాకు మా తాతగారే గుర్తుకొచ్చారు.

నాటి వెనుక బల్ల పిల్లవాడు ఇపుడు కంప్యూటరు ఉద్యోగి. మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చాడు. నేనే ఆ పాత ప్రశ్న ఎత్తి, కాగితం తీసుకొని ఉత్పలమాలకు ఉద్దిష్టం వేసి చూపాను. “అప్పుడే చెప్పొద్దా సార్!” అన్నాడు. అప్పుడు నాకు తెలియదని చెప్పాను. వాడు కాసేపు ఊరుకొని తన పద్ధతి నాకు నేర్పాడు. వేలు ముడిస్తే సున్న, చాస్తే ఒకటి. పది వేళ్ళతో 1023 దాకా లెక్కించవచ్చు. ‘స్త్రీ’ అని కంప్యూటరులో కొట్టించి, ఆ ఒక్క అక్షరానికి యంత్రం ఆరు సంకేతాలు, మొత్తం 18 బైట్లు ఖర్చు చేస్తుందని చూపాడు. మేమైతే ఒక్క గురువు పెట్టి ఊరుకుంటామన్నాను.

తరువాత ఇద్దరం కలిసి తాతగారి కట్ట ముందేసుకున్నాము. చాలా పద్దులకు చెల్లు అని కొట్టివేసి ఉన్నది. ఒక పద్దుకు లేదు. మూడు నిలువులు, రెండు అడ్డాలు. 14 అణాల బాకీ. దాని కింద, సిరా పలచబడినా సుడి చక్కగా కనబడే వేలిముద్ర, పక్కన తాతగారి చేతిరాతలో బాకీదారు పేరు. ఆ ఇంటివారు ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు. పద్దు చదవడం వచ్చిందని వారికి నేనింకా చెప్పలేదు.