చెరువుకట్టమీది పండుగలు

ఎండలు ముదిరినప్పుడు మన ఇండ్లలో పెద్దలు “రోహిణి కార్తెలో రోళ్ళు పగులును” అందురు. తొలకరి చినుకు పడగానే “మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేయును” అందురు. రోలు మూలబడిన ఇంటిలోను ఏటేట రోలు పగులుచునే యున్నది. ఎద్దును బొమ్మలో తప్ప చూడని పిల్లవానికిని ఆ ముసలి ఎద్దు పరిచితమే. మాట మిగిలినది, దానిని పుట్టించిన వస్తువు కనుమరుగైనది. ఇట్టి మాటలును, వానితోడి ఆచారములును వట్టి అలవాటుగా మాత్రమే నిలిచియున్నవా, లేక మనకు నేటికిని పనికివచ్చు సంగతి యేదైన వానిలో దాగియున్నదా యని విచారించుట ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మొదట కార్తె యన నేమో చూతము. సూర్యుడు అశ్విని మొదలు రేవతి వరకు గల ఇరువదియేడు నక్షత్రములను ఒక సంవత్సరములో దాటును. ఒక్కొక్క నక్షత్రముతో గడపు పదుమూడు, పదునాలుగు దినములే ఒక కార్తె. మన పండుగలలో పెక్కు చంద్రుని తిథులను బట్టి వచ్చును గాన, అధికమాసము పడిన యేట అవి ఆలస్యముగా వచ్చును. వాన మాత్రము తిథిని చూచి రాదు. అది సూర్యగతిని అనుసరించును. విత్తనము చల్లవలసినవానికి నెల దినముల తేడా యనగా పంట పోయినట్లే. అందుచేత రైతు పండుగకు చంద్రుని లెక్కను, పొలమునకు సూర్యుని లెక్కను పెట్టుకొనెను.

రోహిణి మే 25 ప్రాంతమున, మృగశిర జూన్ 7, 8 తేదీల ప్రాంతమున, హస్త సెప్టెంబరు 27 ప్రాంతమున, చిత్త అక్టోబరు 10, 11 తేదీల ప్రాంతమున ప్రవేశించును. నైరృతి ఋతుపవనము తెలంగాణమును సామాన్యముగా జూన్ నెల పూర్వార్ధమున చేరును. మృగశిర ప్రవేశించు దినమున ఇచ్చటి ఇండ్లలో చేపలు వండుకొందురు; చేపలు తిననివారు ఇంగువ కలిపిన బెల్లము తిందురు. మండుటెండనుండి ఒక్కసారిగా చల్లదనమునకు మారునప్పుడు శరీరమునకు కొంత వేడి కావలెనని పెద్దలు చెప్పు కారణము. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పూజచేసి తొలిచాలు దున్నుట ఏరువాక. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో ప్రకటించిన తెలుగు సామెతల సంపుటిలో వానలను, సేద్యమును గూర్చిన సామెతలకును చోటు దక్కినది. అనగా నూటయేబది యేండ్లకు పూర్వమే ఈ జ్ఞానము గ్రంథస్థము చేయదగినంత ప్రాతబడియుండెను.

అయినను కార్తెలు వేదవాక్కులు కావు. నక్షత్రములను బట్టి లెక్కించు సంవత్సరము ఋతువులను బట్టి లెక్కించు సంవత్సరముకంటె సుమారు ఇరువది నిమిషములు దీర్ఘమైనది. ఈ స్వల్పభేదము డెబ్బది చిల్లర యేండ్లకు ఒక దినమై, వేయి యేండ్లకు సుమారు ఒక కార్తె యగును. వేయి యేండ్ల క్రిందట రోహిణి వచ్చిన ఋతుకాలమున నేడు కృత్తిక వచ్చుచున్నది. కావున సామెతను జోస్యముగా గాక, తరతరముల రైతులు వ్రాసియుంచిన వానల దినచర్యగా చదువవలెను.

ఆ దినచర్యలో తొలకరినిగూర్చిన పుటలను అందరును తిరుగవేయుదురు. కాని వానకాలపు చివరి పుటలు అంతకంటె ముఖ్యమైనవి. హస్త, చిత్త కార్తెలు వచ్చునప్పటికి నేల తడిసి నీటిని పీల్చుకొను శక్తి తగ్గియుండును, చెరువులు నిండియుండును. అప్పుడు పడిన పెద్దవాన నిలుచుటకు చోటులేక పరుగెత్తును. దీనికి మరువరాని నిదర్శనము హైదరాబాదు నగరమునకు దక్షిణముననున్న శంషాబాదునందే కలదు.

శంషాబాదు పేరు పైగా ప్రభువుల బిరుదమైన షమ్సుల్ ఉమ్రాను తలపించును. 2008 మార్చి నెలలో అచ్చట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడిన నాటినుండి ఆ పేరు దేశదేశముల ప్రయాణికులకు తెలిసినది. అంతకు సరిగా నూరేండ్లకు పూర్వము, 1908లో, ఆ ఊరి పేరు వేరొక కారణమున చరిత్రకెక్కినది. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణములోని చింతచెట్టు నెక్కి దాదాపు నూటయేబది మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు తరువాతి కాలమున ఆ యుపద్రవమునకు స్మారకమైనది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకొనెను.

మరుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. ఆయన వర్షపు లెక్కలను పరిశీలింపగా, శంషాబాదు వర్షమాపకమున ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళములు, నలువదియెనిమిది గంటలలో 18.9 అంగుళములు నమోదైయుండెను. హైదరాబాదు ప్రాంతమున సంవత్సరమంతయు కురియు వానలో ఇది సగమునకు మించినది. మూసీ పరీవాహక ప్రాంతమున చదరపు మైలునకు దాదాపు ఒకటి చొప్పున 788 చెరువులుండెను. వానిలో 221 తెగిపోయినవి. మన చెరువులు గొలుసుకట్టుగా నుండును. పై చెరువు మత్తడి నీరు క్రింది చెరువులో పడును. పైకట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్కుమ్మడిగా క్రిందికట్టమీద పడి దానిని తెంచును. ఒక ఊరి కట్టలోని బలహీనత పది ఊళ్ళకు ప్రమాదమగును. నగరమును ముంచినది ఆకాశమునుండి పడిన వాన మాత్రమే కాదు, తెగిన కట్టలును.

కార్తెల లెక్కలో ఆ దినము హస్త. తిథుల లెక్కలో అది ఆశ్వయుజ శుద్ధపక్షారంభము, అనగా బతుకమ్మ దినములు. రంజాన్ మాసమును అప్పుడే మొదలైయుండెను. ఒకరు పూలు పేర్చుచు, ఒకరు ఉపవాసముండి, ఒకే నీటిలో చిక్కుకొనిరి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ మూసీ తీరమునకు వచ్చి, పళ్ళెరములో చీర, పసుపు, కుంకుమలుంచి నదికి సమర్పించి శాంతింపవలసినదిగా వేడుకొనెనని నగరమున నేటికిని చెప్పుకొందురు. చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు పల్లెజనులు చేయునదే ప్రభువును చేసెనని ఆ కథ భావము.

ఇప్పుడు పల్లెలోని ఆచారమును చూతము. తెలంగాణమున చెరువున్నచోట కట్టమైసమ్మ యుండును. ఆమెకు గోపురము లేదు, ప్రాకారము లేదు. కట్టపైన ఒక రాయి, పసుపు కుంకుమలు, వేపచెట్టు నీడ చాలును. ఆమెకు బోనమెత్తుటకు ఊరంతయు కట్టమీదికి నడచును. కట్టకొరకు ఆడుపిల్ల ప్రాణము లర్పించిన కథలు తెలుగుదేశమున పెక్కుచోట్ల వినబడును. అనంతపురము ప్రాంతపు ముసలమ్మ కథ అట్టిదే. దానినే కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించిరి. కట్ట తెగుటయనగా ఊరు చచ్చుటయే యను భయమునుండి ఈ కథలు పుట్టినవి.

కట్ట యెట్లు తెగును? ఎలుకలు, పీతలు త్రవ్విన బొక్కలవలన. కట్టపై పెరిగిన చెట్ల వేళ్ళవలన. తూము ప్రక్కనుండి ఊరెడు నీటివలన. మత్తడికి అడ్డుపడిన పూడికవలన. ఇవి ఇంట కూర్చున్నవానికి కానరావు. కట్టమీద నడచినవానికే కానవచ్చును. నీటిని విడుచుటకు, కట్టను కనిపెట్టుటకు ఊరికొక నీరటికాడు ఉండెడివాడు. కాని యొక్కని కన్ను చాలదు. ఆషాఢమున, తరువాత చెరువు నిండిన వేళ, దేవతపేరిట ఊరంతయు కట్టమీదికి పోయినప్పుడు వందల కన్నులు ఆ కట్టను చూచును. వందల పాదములు దానిని త్రొక్కును. ఏ తావున కాలు దిగబడినదో, ఏ తావున తడి కనబడినదో ఆ రాత్రియే ఊరిలో మాటగును. ఈ ఆచారమును ఏర్పరచినవారు ఇదియే ఉద్దేశించిరని నే ననను. ఆచారము చేసిన పని మాత్రము ఇది యని నా తలంపు.

బతుకమ్మయు అట్టిదే. భాద్రపద అమావాస్యనాడు మొదలై దుర్గాష్టమితో ముగియు ఈ పండుగ వానకాలపు చివర, చెరువులు నిండియుండు వేళ వచ్చును. తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడి పూలను వరుసలుగా పేర్చి, పాడి ఆడి, సద్దులనాడు నీటిలో విడుతురు. ఇందులో తంగేడును గునుగును ఎవరును నాటి పెంచినవి కావు. తంగేడు బీడుభూములలో, గుట్టల వాలులలో మొలచును. గునుగు చేలగట్లపై కలుపుగా పెరుగును. ఈ పూలు దొరకవలెనన్న ఊరిచుట్టు బీడు ఉండవలెను, చేను ఉండవలెను. వానిని విడువవలెనన్న చెరువు ఉండవలెను. పూలు కోయుటకు పోయిన ఆడుపడుచులు ఊరి నేలను చుట్టివత్తురు. విడుచుటకు పోయినప్పుడు ఊరి నీటిని చూచి వత్తురు. సంవత్సరమున కొకమారు నేలకును నీటికిని జరుగు తనిఖీ యిది. కాగితము లేదు, సంతకము లేదు, పాట మాత్రము కలదు.

1908 వరద నేర్పిన పాఠమునుండి రెండు జలాశయములు పుట్టినవి. మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. రెండవది శంషాబాదునకు సమీపముననే యున్నది. వరదను ఆపుటకు కట్టిన ఆ కట్టలే తరువాత నగరమునకు త్రాగునీరు నిచ్చినవి. ఒక హస్తకార్తె వాన ఎందరి ప్రాణములనో హరించి, ఎన్నో తరములకు నీరు మిగిల్చినది.

అంతటితో పాఠము ముగిసినదని యనుకొనుట పొరపాటు. 2020 అక్టోబరు 13వ తేదీన, చిత్త కార్తెలో, మరల పెద్దవాన కురిసెను. ఇరువదినాలుగు గంటలలో బేగంపేటయందు సుమారు 19 సెంటీమీటర్ల వర్షము పడినది. ఆ రాత్రి శంషాబాదు త్రోవలో, గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు కట్ట తెగి, నీరు బెంగుళూరు రహదారిపై విరుచుకొనిపడెను. త్రోవ తెగిపోయెను; మనుష్యులు మరణించిరి. ఆ యేడు అధిక ఆశ్వయుజము వచ్చుటచే బతుకమ్మ అక్టోబరు మధ్యకు జరిగియుండెను. కొలది దినములకే పూలు పేర్చవలసియుండెను. పంచాంగమున పండుగ నెల జరిగినను, వాన తన కాలమునకే వచ్చినది.

విమానాశ్రయము సుమారు 5,500 ఎకరములలో విస్తరించియున్నది. వాన, గాలి, మంచు లెక్కలు గంటగంటకు తెలియనిదే విమానము లేవదు, దిగదు. నాటి రైతును, నేటి వైమానికుడును ఒకే ప్రశ్న నడుగుచున్నారు. నేటి యంత్రములు చెప్పు సమాధానము కార్తెలు చెప్పిన దానికంటె ఎంతయో నిశితమైనది. అందుకు మనము సంతోషింపవలెను. కాని యంత్రము మబ్బును చూచును. ఊరి చెరువుకట్టలోని ఎలుకబొక్కను చూడదు. “వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరెరుగుదురు” అని మనవారనిరి. వాన రాకడ ఇప్పుడు కొంత తెలియుచున్నది. అది వచ్చినప్పుడు పోవుటకు త్రోవ యున్నదా యని చూచుట మాత్రము ఇప్పటికిని మనుష్యుల పనియే.

పట్టణములలో నేడు బతుకమ్మను ఇంటి ముంగిటనే ఆడి, తొట్టిలో విడుచువారు కలరు. పూలను అంగడిలో కొందురు. అందులో తప్పేమియు లేదు. దూరభారమునుబట్టి అట్లు జరుగుచున్నది. అయితే తొట్టికి కట్ట లేదు, మత్తడి లేదు. పండుగ మిగిలి, పండుగ చేయించిన తనిఖీ పోయినచో, పగిలిన రోలువలె మాట మాత్రమే మన యింట మిగులును.

ఈ యేడు సద్దులనాడు మీ ప్రాంతమున చెరువు ఇంకను మిగిలియున్నచో, బతుకమ్మను నెత్తిన పెట్టుకొని కట్టమీదికే పొండు. పూలను నీటిలో విడిచి, సత్తుపిండి పంచుకొన్న పిదప, ఇంటికి మరలుటకు ముందు ఒక్కమారు మత్తడి వంక చూడుడు. అది తెరచియున్నదో, ఎవరైన పూడ్చియున్నారో పిల్లలకు చూపుడు. వారు ఆ మాటను మరుసటి హస్త వరకు జ్ఞాపకముంచుకొందురు.