రెండు పెట్టెల చరిత్ర

తెలుగువారు అమెరికా వచ్చిన చరిత్ర చెప్పుకునేటప్పుడు చట్టాల గురించి, వీసాల గురించి, పేరు తెచ్చుకున్న పెద్దల గురించి మాట్లాడుకుంటాం. చదువు కోసం బయలుదేరిన పిల్లల పెట్టెలో ఏముందో మాత్రం రాసుకోం. నిజానికి ఆ పెట్టె మూత తీసి చూస్తే, ఆనాటి ఇంటివాళ్లు దేనికి భయపడ్డారో ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి భయం డబ్బు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. మామగారు కొంత, సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేస్తే ప్రయాణం సాగింది. హార్వర్డులో చదువుకుంటూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. డబ్బు సర్దడమే ఆ రోజుల్లో పెట్టె సర్దడం. ఆయన 1948లో న్యూయార్కులో కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడనేలేదు.

1960లో ఎయిరిండియా జెట్ విమానం న్యూయార్కుకు రావడం మొదలైంది. ప్రయాణం వారాల నుంచి గంటలకు తగ్గింది గాని, పెట్టె చిన్నదైపోయింది. ఓడలో ట్రంకుపెట్టెలు తెచ్చుకోవచ్చు. విమానంలో సాధారణ తరగతికి 20 కిలోలే. పైగా దేశంలో విదేశీ మారకద్రవ్యం కరువు. ప్రయాణికుడి చేతికి ఎనిమిది డాలర్లు మాత్రమే ఇచ్చిన రోజులవి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించడంతో, నాలుగు రూపాయల డెబ్బైఆరు పైసలున్న డాలరు ఒక్కసారిగా ఏడున్నర అయింది. అసిస్టెంట్‌షిప్పు ఉత్తరం లేకుండా మధ్యతరగతి ఇంటి బిడ్డ కదలగలిగేది కాదు.

రెండో భయం తిండి. చికాగో డెవాన్ వీధిలో పటేల్ బ్రదర్స్ కొట్టు తెరిచింది 1974లో. చిన్న యూనివర్సిటీ ఊళ్లకు కందిపప్పు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అందుకే 1980, 90 దశకాల పెట్టెల్లో ప్రెషర్ కుక్కర్‌దే పెద్దపీట. కుక్కర్లో గిన్నెలు, గిన్నెల్లో పోపు డబ్బా, ఆ సందుల్లో గాస్కెట్లు. చుట్టూ దుప్పట్లు. ఆవకాయ సీసాకు మూడు పొరల ప్లాస్టిక్ కవర్లు, పైన పాత తువ్వాలు. ఇక్కడి కరెంటు 110 వోల్టులని తెలిసినవాళ్లు మిక్సీ కూడా దానికి తగ్గట్టే కొనుక్కున్నారు. ఇక్కడి ధరలకు భయపడి టెక్స్ట్ పుస్తకాల చవక ఎడిషన్లు మోసుకొచ్చారు. అప్పటికి లెక్క రెండు పెట్టెలు, ఒక్కోటి 32 కిలోలు. కాటా మీద పెట్టెను తూచి, ఒక పుస్తకం తీసి పచ్చడి పెట్టాలా, పచ్చడి తీసి పుస్తకం పెట్టాలా అన్న వాదన జరగని ఇల్లు అరుదు.

మూడో భయం కాగితాలు. 2001 తరువాత నిబంధనలు బిగిశాయి. 2003 నుంచి విదేశీ విద్యార్థుల వివరాలన్నీ సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థకెక్కాయి. ఐ-20, మార్కుల జాబితాలు, బ్యాంకు పత్రాలు చేతిసంచిలోకి వచ్చాయి. 2006లో ద్రవాల మీద ఆంక్షతో పచ్చడి సీసా చేతిసంచి నుంచి దిగిపోయింది. 2018లో పొడుల మీద కూడా తనిఖీ పెరిగింది. పచ్చి కరివేపాకును కస్టమ్స్‌వారు నిమ్మజాతి చెట్లకు చీడ తెస్తుందని రానివ్వరు. పెట్టె బరువూ 23 కిలోలకు తగ్గింది.

ఈనాడు కుక్కరూ కందిపప్పూ ఇక్కడే దొరుకుతున్నాయి. 2023-24లో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో భారతీయులే అందరికన్నా ఎక్కువ, మూడు లక్షల ముప్పై వేల పైచిలుకు. కాని 2001లో బ్యాంకుల విద్యారుణ పథకం వచ్చినప్పటి నుంచి, ఏ కాటా తూచని బరువొకటి వారితో వస్తోంది. ఎనిమిది డాలర్లతో వచ్చినవారికి చేతిలో సొమ్ము లేదు గాని, నెల తిరిగేసరికి స్టైపెండు వచ్చేది. ఇప్పటి పిల్లల్లో చాలామంది నిండు పెట్టెలతో దిగుతున్నారు, వెనక ఊళ్లో ఇల్లో పొలమో తాకట్టులో ఉంటుంది. వారు ఉద్యోగం దొరకలేదని ఫోన్ చేస్తే, "మా రోజుల్లో" అని మొదలుపెట్టే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మరొక్క మాట. మీ అటక మీద పాత సూట్‌కేసు ఉంటే ఒకసారి తెరవండి. అమ్మ చేతిరాతతో సామాన్ల పట్టీ దొరికితే పారేయకండి. తేదీ, ఊరు రాసి పిల్లలకు అప్పగించండి. మన వలస చరిత్రలో ఇంటి ఆడవాళ్లు స్వయంగా రాసిన పుటలు బహుశా అవే.