ఆడవాళ్లు తినకూడని పొట్లం: హవాయి లౌలౌ కథ

ఈరోజు కథ ఒక ఆకు పొట్లం గురించి. దాని పేరు లౌలౌ. హవాయి దీవుల వంట. చేమ ఆకుల్లో పంది మాంసం ముక్కలు, ఉప్పు, కొంచెం ఉప్పు చేప పెట్టి మడుస్తారు. దాని మీద టీ అనే ఇంకో మొక్క ఆకు చుట్టి కడతారు. మనం తాగే టీ కాదు, ఇది వేరే. ఈ పై ఆకు తినరు, విప్పి పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు దీన్ని స్లో కుక్కర్‌లో కూడా చేస్తున్నారు. పొద్దున పెట్టి ఆఫీసుకెళ్తే సాయంత్రానికి రెడీ. ఇంట్లో ఎవరైనా తినొచ్చు. కానీ 1819కి ముందు హవాయిలో ఒక ఆడమనిషి పంది మాంసం తింటే ప్రాణమే పోవచ్చు!

ఎందుకంటే అక్కడ కపు అనే కట్టుబాటు ఉండేది. మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి తినకూడదు. పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపళ్లు ఆడవాళ్లకి నిషేధం. రాణి అయినా సరే. ఇంకో విషయం తెలుసా? వంట మగవాళ్ల పని. నేలలో గొయ్యి తవ్వి, కట్టెలతో రాళ్లు బాగా కాల్చి, వాటి మీద అరటి బోదె, ఆకులు, తిండి పెట్టి, పైన మట్టి కప్పేవాళ్లు. దాన్ని ఇము అంటారు. మగవాళ్ల తిండికి ఒక ఇము, ఆడవాళ్ల తిండికి ఇంకోటి.

1778లో కెప్టెన్ కుక్ వచ్చాక పరిస్థితి మెల్లగా మారింది. ఓడల్లో వచ్చినవాళ్లు ఈ నియమాలేవీ పాటించలేదు, అయినా ఏ దేవుడూ వాళ్లని శిక్షించలేదు. జనం ఇది చూస్తూనే ఉన్నారు.

1819 మేలో మొదటి కమేహమేహా రాజు చనిపోయాడు. ఆయన భార్య కాహుమాను, కొత్త రాజు లిహోలిహో తల్లి కెయోపువోలాని, ఇద్దరూ కపు తీసెయ్యమని పట్టుబట్టారు. ఆ నవంబరులో కైలువాలో విందు జరిగింది. లిహోలిహో లేచి వెళ్లి ఆడవాళ్ల బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. అంతే! సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒక్క రూల్ డిలీట్ చేస్తే సిస్టమ్ మొత్తం కూలిపోయింది. గుళ్లు కూల్చమని ఆజ్ఞ వచ్చింది. ఒప్పుకోని బంధువు కెకువావోకలాని తిరగబడ్డాడు. డిసెంబరులో కువామో యుద్ధంలో అతనూ, పక్కనే పోరాడిన భార్య మనోనో కూడా చనిపోయారు.

క్రైస్తవ మిషనరీలు వచ్చింది ఆ తర్వాత, 1820లో. అంటే ఈ మార్పు బయటివాళ్లు వచ్చి చేసింది కాదు, ఆ ఇంటి ఆడవాళ్లే తెచ్చుకున్నది.

ఇక స్లో కుక్కర్. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ దీనికి 1940లో పేటెంట్ తీసుకున్నాడు. 1971లో రైవల్ కంపెనీ దీన్నే క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది, ముఖ్యంగా ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకి. పద్ధతి ఇము లాంటిదే: తక్కువ వేడి, ఎక్కువ టైమ్, ఆవిరి బయటికి పోకూడదు.

చేసి చూడాలంటే లో సెట్టింగ్‌లో 8 నుంచి 10 గంటలు పెట్టండి. తొందరపడొద్దు. అవి మన చేమ ఆకులే. సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద. అందులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి.

చివరిగా ఒక ప్రశ్న. మీ ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తింటారా, లేక అందరూ తిన్నాకే అమ్మ కూర్చుంటుందా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!