ట్యూబులైటు లోపలి తెల్లని పొడి

పాడైపోయిన ట్యూబులైటును విరిచి చెత్తకుండీలో పడవేయడం మన ఇళ్లలో నేటికీ కనిపించే అలవాటే. గాజు పెంకు గుచ్చుకొంటుందన్న భయమే తప్ప, అందులో మరొక ప్రమాదం ఉందన్న ఊహ చాలామందికి ఉండదు. ఆ ప్రమాదానికి వైద్యచరిత్రలో ఒక పూర్వకథ ఉన్నది.

ఫ్లోరసెంట్ దీపాలు 1938లో అమెరికా విపణిలోకి వచ్చాయి. గొట్టంలోని పాదరసపు ఆవిరి గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గాజు లోపలి గోడకు పూసిన పొడి వాటిని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది. ఆనాటి పొడిలో బెరీలియం అనే లోహపు సమ్మేళనం ఉండేది. కొన్నేళ్లకే మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలంలో (మన తమిళనాడు సేలం కాదు) ఆ దీపాల కర్మాగారంలో పనిచేసినవారు ఆయాసంతో, దగ్గుతో చిక్కి శల్యమై వైద్యుల వద్దకు రాసాగారు. వైద్యులు దానిని సార్కాయిడోసిస్ అనుకొన్నారు. ‘సేలం సార్కాయిడ్’ అన్న పేరు కూడా స్థిరపడింది. డాక్టర్ హారియెట్ హార్డీ మాత్రం రోగుల ఛాతీ ఎక్స్‌రేలతో తృప్తిపడక, వారు చేసిన పని ఏమిటో ఆరా తీశారు. సహచరుడు టాబర్షాతో కలిసి 1946లో 17 మంది రోగుల వివరాలు ప్రచురించారు. పని మానివేసిన చాలాకాలానికి కూడా జబ్బు బయటపడటమే ఇందులోని చిక్కు. “ఇంతకుముందు ఏం పని చేసేవారమ్మా?” అన్న ప్రశ్న మా ఓపీలలో ఎంత అరుదో నాకు తెలుసు.

పగిలిన గొట్టపు పెంకు కోసుకొన్నవారిలో కొందరికి గాయం మానక, అక్కడ గడ్డలేర్పడి, కోసి తీయవలసి వచ్చింది. చివరకు 1949లో అమెరికా దీపాల పరిశ్రమ బెరీలియాన్ని విడిచిపెట్టింది.

పాదరసం మాత్రం మిగిలింది. అది నరాలను, మూత్రపిండాలను దెబ్బతీసే లోహం. 1956లో జపాన్‌లో బయటపడిన మినమాటా వ్యాధి దాని క్రూరత్వాన్ని లోకానికి చూపింది. ఆ పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మన దేశపు 2016 నాటి ఈ-వ్యర్థాల నియమాలలో పాదరసపు దీపాలు కూడా చేరాయి. ఒక సీఎఫ్‌ఎల్ బల్బులో ఉండేది సుమారు 5 మిల్లీగ్రాములే; పాత ట్యూబులలో అంతకంటె ఎక్కువ. పునఃశుద్ధి కేంద్రాలలో వీటిని మూసిన యంత్రంలో నలిపి, గాజును, లోహపు మూతలను, పొడిని వేరుచేసి, పొడిని వేడిచేసి పాదరసాన్ని తిరిగి రాబడతారు.

ఇంట్లో పగిలితే ఫ్యాను ఆపి, కిటికీలు తెరచి, పిల్లలతో సహా పావుగంట బయట ఉండండి. చీపురు వాడవద్దు. గట్టి అట్టముక్కతో పెంకులెత్తి, పొడిని అంటుకొనే టేపుతో తీసి, తడిగుడ్డతో తుడిచి, అన్నిటినీ మూత బిగిసే సీసాలో ఉంచి ఈ-వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వండి. పగలని దీపాన్ని కొన్నప్పటి అట్టపెట్టెలోనే పెట్టి ఇవ్వవచ్చు. ఎల్‌ఈడీలో పాదరసం లేదు. కాని లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది గనుక దానినీ అక్కడికే పంపాలి.