రోజుకో డాలరు

బడిలోకి ఫోన్ తేకూడదన్న చట్టం, పిల్లల చేతికి ఫోన్ రాకముందే పుట్టింది. 1980ల చివర అమెరికా నగరాల్లో మత్తుమందులు అమ్మేవాళ్ల నడుములకు పేజర్లు, అంటే కబురొస్తే మోగే చిన్న యంత్రాలు, వేలాడేవి. కుర్రాడి దగ్గర పేజర్ కనిపిస్తే సరుకు చేరవేస్తున్నట్టేనని పెద్దలు తీర్మానించుకున్నారు. 1988లో కాలిఫోర్నియా, మరుసటేడు మేరీలాండ్, న్యూజెర్సీ వరసగా నిషేధాలు తెచ్చాయి. న్యూజెర్సీలో పద్దెనిమిది నిండని విద్యార్థి అనుమతి లేకుండా బడికి పేజర్ తెస్తే అది బడి తప్పు కాదు, పోలీసు కేసు. పాఠం చెడిపోతుందన్న బెంగ అప్పటికి అంత పెద్దది కాదు.

నేను గుంటూరు జిల్లా హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా లైబ్రరీలో పాత పత్రికలు తిరగేయడం నా కాలక్షేపం. 1989 నాటి ఈ సంగతులు చదువుతుంటే అదే ఏడు మా బడిలో పట్టుబడ్డ సరుకు గుర్తొచ్చింది: సోషల్ పుస్తకం మధ్యలో మధుబాబు షాడో నవల, క్రికెట్ ఉన్న రోజైతే సంచి అడుగున చిన్న ట్రాన్సిస్టర్. శిక్షకు చట్టంతో పనేముంది? గోడకుర్చీ వేయించేవాళ్లం, లేదా బెంచీ ఎక్కించేవాళ్లం. నవల మాత్రం స్టాఫ్ రూములో చేతులు మారి మారి, అట్ట ఊడాక గానీ సొంతదారుకు చేరేది కాదు.

అమెరికాలో నిషేధం తెచ్చింది ఒక భయమైతే, దాన్ని ఎత్తేయించింది అంతకన్నా పెద్ద భయం. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో పదముగ్గురిని చంపారు. లోపల చిక్కుకున్న పిల్లల్లో కొందరు సెల్‌ఫోన్లలోనే బయటికి మాట్లాడగలిగారు. రెండేళ్లకు సెప్టెంబర్ 11 దాడులు. ఆ తర్వాత ఏ తల్లి వింటుంది, ఫోన్ ఇంట్లో పెట్టి పంపమంటే? 2002లో కాలిఫోర్నియా తన పాత నిషేధాన్ని తీసేసి, ఏ ఊరి బడుల నిర్ణయం ఆ ఊరికే వదిలేసింది.

న్యూయార్క్ నగరం మాత్రం పట్టు వీడలేదు. అక్కడ 1988 నాటి పాత నిబంధన కాగితం మీద అలాగే ఉంది. 2006లో మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్, ఆయన విద్యా చాన్సలర్ జోయెల్ క్లైన్ దాన్ని దుమ్ము దులిపి బయటికి తీశారు. మెటల్ డిటెక్టర్లను చెప్పాపెట్టకుండా ఏదో ఒక బడి గుమ్మంలో దించేవారు. కత్తుల కోసమని తెచ్చిన యంత్రాలకు కుప్పలుగా దొరికినవి ఫోన్లే. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లి ఓడిపోయారు. నగర కౌన్సిల్ 2007లో పిల్లల పక్షాన ఒక చట్టం చేస్తే మేయర్ వీటో చేశాడు. కౌన్సిల్ ఆ వీటోనూ కొట్టేసింది. అయినా గుమ్మం దగ్గర ఏమీ మారలేదు.

అప్పుడు వచ్చాయి ట్రక్కులు. పొద్దున్నే బడి ఎదుట వీధిలో ఆగేవి. కిటికీలోంచి ఫోన్ అందించి, చీటీ తీసుకుని, ఒక డాలరు కట్టి లోపలికి పోవడం, సాయంత్రం చీటీ చూపించి తెచ్చుకోవడం. వీధి మూల కిరాణా కొట్లవాళ్లూ ఇదే బేరం పెట్టారు. ఏడాదికి బడి నడిచేది సుమారు 180 రోజులు కాబట్టి పిల్లకు 180 డాలర్లు. ఇద్దరు పిల్లలున్న ఇంటి సంగతి మీరే లెక్కేసుకోండి. 2012లో అదే నగరంలోని బ్రాంక్స్‌లో దొంగలు అలాంటి ట్రక్కును తుపాకీతో బెదిరించి పిల్లల ఫోన్లు ఎత్తుకుపోయారు.

నిషేధం ఊరంతటికీ ఒకటే. కానీ రోజూ పనిచేసే మెటల్ డిటెక్టర్లు కొన్ని బడుల్లోనే ఉండేవి, అవీ ఎక్కువగా నల్లజాతి, లాటినో పిల్లలు చదివే పేదపేటల్లో. మిగతా చోట్ల ఫోన్ సంచిలోనే ఉండేది, టీచరు చూసీచూడనట్టు పోయేవారు. అంటే నిబంధన పాటించిన ఖర్చు పేదలదే అయింది. క్రమశిక్షణ పేరు చెప్పి వసూలు చేసిన పన్నుగానే నేను దీన్ని చూస్తాను. 2015 మార్చిలో కొత్త మేయర్ బిల్ డి బ్లాసియో నిషేధం ఎత్తేశాడు, ట్రక్కుల వ్యాపారం మూతపడింది.

విచిత్రమేమిటంటే, నిషేధానికి గట్టి ఆధారం దొరికిందీ ఆ ఏడాదే. బెలాండ్, మర్ఫీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇంగ్లండ్‌లో 91 బడుల మార్కులు పరిశీలించారు. ఫోన్లు ఆపాక చదువులో వెనకబడ్డ పిల్లలు బాగా పుంజుకున్నారు, ముందువరస పిల్లలకు తేడా ఏమీ లేదు. ముప్పై ఏళ్లు బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డవాడికి ఇందులో కొత్తేమీ కనిపించదు. అయితే ఇదే పద్ధతిలో స్వీడన్‌లో లెక్క చూస్తే ఏ తేడా తేలలేదు.

మన దగ్గర వరస వేరు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమలుకొచ్చి బెత్తాన్ని దింపించింది. 2016లో జియో వచ్చి డేటా చవకైంది. 2020లో కరోనాకు బడి మూతపడితే, ఫోన్ లేని పిల్లాడు పాఠానికి దూరమైపోతాడని మేమే ఇంటింటికీ తిరిగి చెప్పాం. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లల చేతుల్లో ట్యాబులు పెట్టింది. 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం, ఆ జూలైలో వెలువడిన యునెస్కో నివేదికను చూపించి, బడుల్లో సెల్‌ఫోన్లు నిషేధించింది. టీచర్లు కూడా క్లాసుకు వెళ్లేముందు ఫోన్ హెచ్ఎంకు అప్పగించాలన్నారు. హాజరు మాత్రం యాప్‌లోనే వేయాలి! మరుగుదొడ్ల ఫోటోలు, మధ్యాహ్న భోజనం ఫోటోలు ఎక్కించిందీ ఆ ఫోన్లలోనే. ఏ గంటకు బీరువాలోంచి తీయాలి, ఏ గంటకు మళ్లీ పెట్టాలి అన్న దాని మీద స్టాఫ్ రూముల్లో నడిచిన చర్చలు ఏ చరిత్రకూ ఎక్కవు.

న్యూయార్క్ మళ్లీ మొదటికొచ్చింది. 2025 సెప్టెంబర్ నుంచి రాష్ట్రమంతటా మొదటి గంట నుంచి చివరి గంట దాకా స్మార్ట్‌ఫోన్ కుదరదు. ఈసారి చట్టంలో రెండు మాటలు చేర్చారు. కేవలం ఫోన్ వాడినందుకు ఏ పిల్లనూ సస్పెండ్ చేయకూడదు. బడివేళ తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడే దారి బడే చూపించాలి. ఆ రెండో మాట దగ్గర ఆగాను. మా హైస్కూలు ఆఫీసులో ల్యాండ్‌లైన్ తీసేసి చాలా ఏళ్లయింది. ఏ పిల్లకైనా జ్వరమొస్తే ఇప్పటికీ అమ్మకు కబురు వెళ్లేది హెచ్ఎం సొంత సెల్‌ఫోన్ నుంచే.