బొమ్మల చిత్రములు - ఉత్తరకథలు - పెద్దలు

బొమ్మలాట బాలురకే గాని పెద్దలకేల యని పలువురు పలుకుచుందురు. అందునను, ఒకమాఱు చెప్పి ముగించిన బొమ్మల కథకు రెండవ భాగము, మూడవ భాగము కల్పించినచో, అది వట్టి వర్తకమని పెదవి విఱుచుచుందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని చరిత్రను కొంచెము పరిశీలించినచో, బొమ్మల చిత్రము మొదట పిల్లల సొత్తు కాదనియు, మంచి ఉత్తరకథ పిల్లలకన్న పెద్దలకే ఎక్కువ చెప్పుననియు తేలుచున్నది. ఈ రెండు సంగతులనే మీకు మనవి చేయదలచినాను.

ఒక్కొక్కదానిలో కొంచెము మార్పుతో వరుసగా గీసిన బొమ్మలను, సెకండునకు 24 వంతున తెరపై చూపినచో, బొమ్మయే కదలినట్లు కంటికి తోచును. ఈ విద్య యొక్క కీలక మింతియే. 1908లో ఎమీల్ కోల్ అను ఫ్రెంచి చిత్రకారుడు ఈ పద్ధతిని తీసిన చిన్న చిత్రమును పారిస్ నాటకశాలలో చూచినవారు పెద్దలే. 1914లో అమెరికాయందు విన్సర్ మెకే అను పత్రికాచిత్రకారుడు, గెర్టీ అను పురాతన మహాజంతువును తెరపై ఆడించుచు, తాను కొరడా చేతబట్టి రంగస్థలముపై నిలిచి దాని కాజ్ఞ లిచ్చెడివాడు. 1937 డిసెంబరులో వాల్ట్ డిస్నీ స్నోవైట్ కథను విడుదల చేయుటకు ముందు, అంత నిడివిగల బొమ్మల చిత్రము నెవరు కూర్చుండి చూతురని హాలీవుడ్ వారు పరిహసించిరి. ప్రథమ ప్రదర్శనమున ఆ పెద్దలే కంట తడి పెట్టిరి. 1960 తరువాత అమెరికా టెలివిజనువారు శనివారపు ఉదయములందు పిల్లలకై ఇట్టి చిత్రములను వరుసగా ప్రదర్శింపసాగిన మీదటనే, బొమ్మలన్నచో పిల్లలకే యను భావము బలపడినది. తెల్లవార్లు తోలుబొమ్మలాట చూచిన మన పల్లెలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కఱలేదు.

ఇక ఉత్తరకథ మాట. ఇదియు మనకు క్రొత్త కాదు. పట్టాభిషేకముతో రామకథ ముగిసినదని బాలుడు సంతోషించును. కాని తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమును రచించెను. అంతకు ఎంతో పూర్వమే, 8వ శతాబ్దియందు, భవభూతి ఉత్తరరామచరితమను నాటకమును వ్రాసెను. ఆ నాటకపు మొదటి అంకములో సీతారాములు చిత్రపటములందు తమ గతచరిత్రనే చూచుకొందురు. ఒకచో సంతోషింతురు, ఒకచో దుఃఖింతురు. రానున్న వియోగము సీతకు తెలియదు. చూచుచున్న మనకు తెలియును. గతమును తలచుకొనుట, రానున్నదాని నెఱిగియుండుట, ఈ రెండును కలిసినచోటనే ఉత్తరకథకు బలము కలుగును. ఈ రెండును వయసు వచ్చినవారికి అలవడు విద్యలు.

దీనికి మన కాలపు ఉదాహరణముగా అమెరికాలోని పిక్సార్ సంస్థవారి టాయ్ స్టోరీ, అనగా ఆటబొమ్మల కథను తీసికొందము. 1995 నవంబరులో వెలువడిన మొదటి భాగము, పూర్తిగా కంప్యూటరుతో రూపొందించిన తొలి పూర్తి నిడివి చిత్రము. ఆండీ యను బాలుని గదిలోని బొమ్మలు, మనుష్యులు లేనపుడు ప్రాణము వచ్చి మాటలాడుచుండును. పశులకాపరి వేషముగల వుడీ యను పాత బొమ్మకు, క్రొత్తగా వచ్చిన బజ్ అను వ్యోమగామి బొమ్మపై అసూయ పుట్టును. తుదకు రెండును స్నేహము చేయును. పిల్లవాని కింత చాలును.

1999లో వచ్చిన రెండవ భాగమున ప్రశ్న మాఱినది. వుడీకి జెస్సీ యను మఱియొక బొమ్మ కనబడును. దానిని ప్రాణముగా చూచుకొన్న బాలిక పెరిగి పెద్దదై, దానిని మంచము క్రింద మఱచి, తుదకు దానముగా ఇచ్చివేసినది. ఆండీయు ఒకనాడు పెరుగును గదా! జపాను దేశపు ప్రదర్శనశాలలో అద్దముల వెనుక చిరకాలము చెక్కుచెదరక యుండుటయా, నాలుగేండ్లే యైనను పిల్లవాని చేతిలో అరిగిపోవుటయా? వుడీ ఇంటికే మరలును.

2010లో మూడవ భాగము వచ్చినది. ఆండీకి 17 ఏండ్లు. కాలేజి చదువునకై ఇల్లు విడిచి పోవుచున్నాడు. ఖాళీ యైన గదిలో అడుగిడిన తల్లికి మాట పెగలదు. ఆండీ తన బొమ్మలను బానీ యను చిన్నపిల్లకు ఒక్కొక్కటిగా పరిచయము చేసి, కడసారి ఆమెతో ఆడి, వుడీని సైతము అప్పగించి సాగిపోవును. విశేష మేమనగా, మొదటి భాగమున బాలుడైన ఆండీకి గొంతు నిచ్చిన జాన్ మారిస్ అనువాడే, పదునైదేండ్ల పిమ్మట పెరిగిన ఆండీకిని గొంతు నిచ్చెను. ఆ కంఠమున వచ్చిన మార్పు నటన కాదు. కాలము చేసిన పని.

ఉత్తరకథలన్నియు ఇట్టివే యని నే ననను. 1994 నుండి డిస్నీవారు తమ ప్రసిద్ధ చిత్రములకు, వీడియో టేపుల యమ్మకమునకై, అనేక ఉత్తరభాగములు తీసిరి. వానిలో పెక్కింటియందు పాత్రలకు వయసు వచ్చినను కథకు వయసు రాలేదు. టాయ్ స్టోరీ రెండవ భాగమును మొదట అట్లే తలపెట్టిరి. కాని చేసిన పని తమకే నచ్చక, విడుదలకు సుమారు తొమ్మిది నెలలే గడువుండగా, కథను తిరిగి కల్పించిరి. వర్తకమునకును రచనకును గల భేద మిచ్చట తెలియును.

చదువులకై, కొలువులకై పట్నములకును విదేశములకును బిడ్డలను సాగనంపిన ఇండ్లు మన పల్లెలలో ఎన్ని లేవు! ఒకనాడు తాను లేక నిద్రపోని బిడ్డకు తన యవసరము తీఱిపోవుట పెద్దలందఱు ఎఱిగినదే. దానిని నోట చెప్పుకొనుటకు మనకు సిగ్గు. బొమ్మ నోట విన్నపుడు ఆ సిగ్గు తొలగును. కావున ఇంట పిల్లలు ఇట్టి చిత్రమును చూచునపుడు మీరును ప్రక్కన కూర్చుండుడు. మనుమడు నవ్వుచున్నచోట మీ కన్ను చెమర్చినచో అది చాపల్యము కాదు. వాడు బండి యెక్కుచున్నవాని వైపునుండి ఆ కథను చూచుచున్నాడు. మీరు గుమ్మములో నిలిచినవారి వైపునుండి చూచుచున్నారు.