కోలారు సీమయు గిటారు నాదమును: ధ్వనివర్ధక చరిత్రలో ఒక అధ్యాయము

కోలారు అనగానే ఎవరికైనను బంగారము తలపునకు వచ్చును. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్ల సంస్థ గనుల నిర్వహణమును చేపట్టినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ పని నిలిపివేయు వరకు, నూట యిరువది యేండ్లు ఈ నేల త్రవ్వబడినది. త్రవ్విన లోతు మూడు కిలోమీటర్లకు మించినది. ఆ కథను మన పెద్దలు పలుమారులు చెప్పియున్నారు. నేను చెప్పబూనినది వేరొక కథ. అది నాదమును గూర్చినది.

నేడు రాబర్ట్‌సన్‌పేటలోను, కోలారు పట్టణములోను, ముళబాగిలులోను మన కుటుంబములలో ఒక గిటారు కనబడుట వింత కాదు. దాని ప్రక్కన అరచేతి యంతటిదో, పుస్తకమంతటిదో ఒక చిన్న యంత్రము కూడ ఉండును. దానిని డిజిటల్ మోడలింగు యంత్రమందురు. పిల్లవాడు దానికొరకు డబ్బు అడుగును. తండ్రికి అది ఏమో తెలియదు. తాతకు అది మోతపెట్టెగా తోచును. ఆ యంత్రము ఎచ్చటినుండి వచ్చినది, దానిని ఎట్లు కొనవలెను, కొన్నదానిని ఎట్లు సరిచేసికొనవలెను అను ప్రశ్నలకు సమాధానము చరిత్రలోనే కలదు.

ధ్వనివర్ధకమునకు మూలము విద్యుత్తు. ఆ విషయమున కోలారు సీమకు గొప్ప పేరు కలదు. 1902 జూన్ 30న శివనసముద్రము వద్ద కావేరీ జలపాతమునుండి పుట్టిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలమీద ప్రయాణము చేసి మన గనులకు చేరెను. ఆనాటికి ప్రపంచములోని మిక్కిలి పొడవైన విద్యుత్ ప్రసార మార్గములలో అది యొకటి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. అంతకు మూడేండ్లు ముందే మన గనులకు కరెంటు వచ్చినది.

ఆ కాలమున ఈ సీమలో రెండు విధములైన సంగీతములు ప్రక్కప్రక్కనే నడిచినవి. ఆంగ్ల అధికారుల క్లబ్బులలోను, ఆంగ్లో ఇండియను కుటుంబముల యిండ్లలోను పియానో, గిటారు, నృత్యగీతములు ఉండెడివి. చుట్టుపట్ల గ్రామముల భజన మందిరములలో తంబూర, కంజీర, తాళములు మ్రోగెడివి. అచ్చట పాడిన పాటలలో కైవారము నారాయణ తాతయ్యగారి తత్త్వములకు అగ్రస్థానము. కైవారము ఒకప్పటి కోలారు జిల్లాలోని గ్రామము. 2007లో జిల్లా విభజన జరిగినపుడు చిక్కబళ్లాపురము జిల్లాలో చేరినది. తాతయ్యగారు తెలుగునందును కన్నడమునందును పాడిన యోగి. ఇచ్చటి తెలుగువారికి ఆయన పాటయే భాషాబంధము. మన పిల్లలలో పలువురు తెలుగు మాటలాడుదురే గాని తెలుగు లిపి చదువనేరరు. చదువురాని పిల్లవానికి సైతము పాట వచ్చును. కావుననే ఈ యంత్రపు సంగతి మనకు కేవలము వినోదమునకు సంబంధించినది కాదు.

గిటారు స్వభావముచేత మెల్లని వాద్యము. డోళ్లు, ఇత్తడి బాకాలు గల బృందములో దాని పలుకు వినబడదు. అమెరికాలో 1930ల ప్రారంభమున జార్జి బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు దీనికి ఉపాయము చూపిరి. ఉక్కు తీగెల క్రింద అయస్కాంతమును, దానికి చుట్టిన సన్నని రాగి తీగను ఉంచినచో, తీగె కదలినప్పుడెల్ల స్వల్పమైన విద్యుత్ ప్రవాహము పుట్టును. దీనినే పికప్ అందురు. ఆ స్వల్ప ప్రవాహమును పెంచి స్పీకరునకు అందించు పరికరము ఆంప్లిఫయరు. ఆ రోజులలో దానికి ప్రాణము గాజు వాల్వు. మన యిండ్లలోని పాత రేడియోలలో ఎర్రగా వెలుగుచుండినది అదియే.

ఇచ్చట ఒక విచిత్రము జరిగినది. వాల్వును దాని శక్తికి మించి నడిపినచో అలల శిఖరములు కత్తిరింపబడి, నాదము గరుకుబారును. ఇంజనీర్లకు అది దోషము. వాయించువారికి అదే గుణమైనది, ఏలయన ఆ గరుకులో స్వరము సన్నగిలక చాలసేపు నిలుచును. కాలిఫోర్నియాలో లియో ఫెండరు చేసిన పెట్టెలు, ఇంగ్లండులో వాక్స్ వారి ఏ.సి.30, 1962లో లండనులోని జిమ్ మార్షల్ దుకాణమునుండి వెలువడిన జె.టి.ఎం.45 మొదలగునవి ఒక్కొక్కటి ఒక్కొక్క గొంతుకను పొందినవి. మార్షల్ వారు ఫెండరు వారి బేస్‌మన్ అను పెట్టెను ఆధారముగా గొనియే ఆరంభించిరి. విడిభాగములు, స్పీకర్లు మారగానే గొంతుకయు మారినది. వీణలు రెండును పనసకఱ్ఱతోనే చేసినను బొబ్బిలి వీణ పలుకు వేరు, తంజావూరు వీణ పలుకు వేరు అగునట్లే ఇదియు.

విద్యుద్వాద్యము మన సంగీతమునకు పనికిరాదని తలచువారికి తెలుగునాటనే సమాధానము లభించినది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ బాల్యముననే విద్యుత్ మాండొలినును చేపట్టిరి. జంట తీగెలతో ఎనిమిది తీగెలుగల ఆ పాశ్చాత్య వాద్యమును ఐదు ఒంటి తీగెలదిగా మార్చుకొని, దానిపై గమకములను పలికించిరి. 1998లో వారికి పద్మశ్రీ లభించినది. జాన్ మెక్‌లాగ్లిన్ అను ఆంగ్ల గిటారు విద్వాంసుని ‘రిమెంబర్ శక్తి’ బృందములో వాయించి ప్రపంచమంతట కీర్తి గాంచిరి. 2014లో చెన్నైలో పరమపదించిరి. వారి చరిత్రము మనకు చెప్పు పాఠమేమనగా, యంత్రము పరాయిదైనను చెవి స్వంతమైనచో నాదము స్వంతమే యగును.

ఇక డిజిటల్ మోడలింగు కథ. వాల్వు పెట్టె బరువైనది, ఖరీదైనది; దాని మంచి నాదము బయటపడవలెనన్న బిగ్గరగా మ్రోయింపవలెను. ఇరుకైన యిండ్లలో అది సాధ్యము కాదు. కావున పెట్టెయొక్క నడవడిని గణితముగా మార్చి చిన్న కంప్యూటరులో నడుపు ప్రయత్నములు మొదలైనవి. 1995లో జపానుకు చెందిన రోలండ్ సంస్థ వి.జి.8ను వెలువరించెను. 1996లో అమెరికాలోని లైన్ 6 సంస్థ మోడలింగు ఆంప్లిఫయరును, 1998లో చిక్కుడు గింజ ఆకారముగల ‘పాడ్’ అను ఎర్రని పెట్టెను తెచ్చెను. 2006లో ఫ్రాక్టల్ ఆడియో వారి ఆక్స్ ఎఫెక్స్, 2011లో జర్మనీకి చెందిన కెంపర్ వారి ప్రొఫైలర్, 2015లో లైన్ 6 వారి హీలిక్స్, పిదప ఫిన్లాండుకు చెందిన న్యూరల్ డి.ఎస్.పి. వారి క్వాడ్ కార్టెక్స్ వరుసగా వచ్చినవి. న్యూరల్ ఆంప్ మోడలర్ అను సాఫ్ట్‌వేరు ఉచితముగానే లభించుచున్నది.

ఇది పనిచేయు విధము సులభముగానే చెప్పవచ్చును. గిటారు నుండి వచ్చు అలను యంత్రము సామాన్యముగా క్షణమునకు 48,000 మారులు కొలిచి అంకెలుగా మార్చును. ఆ అంకెలను వాల్వు, స్వరనియంత్రణ, స్పీకరు అనువాని నడవడిని అనుకరించు లెక్కలగుండ పంపి, తిరిగి అలగా మార్చి వెలికి విడుచును. ఈ పనికి కొన్ని మిల్లీ సెకండ్ల ఆలస్యమగును. పది మిల్లీ సెకండ్లనగా స్పీకరునకు మూడున్నర మీటర్ల దూరములో నిలిచి వినుటతో సమానము. ఇక ప్రొఫైలరు పద్ధతి వేరు. నిజమైన పెట్టెలోనికి పరీక్షాధ్వనులను పంపి, లోపలికి పోయినదానిని బయటికి వచ్చినదానితో సరిపోల్చి, ఆ భేదమును నేర్చుకొనును. కంసాలి ఒరపిడి రాతిమీద గీటు చూచి బంగారపు వన్నె తెలిసికొనునట్లు, యంత్రము ధ్వని గీటు చూచి పెట్టె గుణమును గ్రహించును.

కొనుగోలు విషయమున మూడు మాటలు. మొదటిది, పెట్టెమీద వ్రాసిన మోడళ్ల సంఖ్యను చూచి మోసపోరాదు. రెండువందల గొంతుకలు ఉన్నను వాయించువాడు నిత్యము వాడునవి రెండు మూడే. ఇంటిలో సాధనకు మాత్రమే యైనచో, స్పీకరు కూడ లోపలనే గల చిన్న మోడలింగు ఆంప్లిఫయరు చాలును. కంప్యూటరు ఉన్నవారికి ఒక ఆడియో ఇంటర్‌ఫేసు, మంచి హెడ్‌ఫోన్లు, ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. సభలలో వాయించువారికే కాలితో నొక్కు పెద్ద యంత్రము అవసరము. రెండవది, యంత్రమునకు ఎంత వెచ్చింతురో ధ్వనిని వెలికి విడుచు స్పీకరు విషయమునను అంత శ్రద్ధ వహింపవలెను. స్పీకరు చెడ్డదైనచో మంచి లెక్క వ్యర్థమగును. మూడవది, కొనుటకు పూర్వము స్వంత గిటారును తీసికొనిపోయి, హెడ్‌ఫోన్లలోనేగాక స్పీకరుమీద కూడ విని చూడవలెను. ఇంటి విద్యుత్తుకు ఎర్తు సరిగా ఉన్నదో లేదో కూడ చూచుకొనవలెను. లేనిచో ఎంతటి యంత్రమైనను ‘హుం’ అను రొదను మాన్పజాలదు.

సరిచేసికొను విషయమున మా యింటిలో జరిగినది చెప్పెదను. మా అన్నగారి మనుమడు అట్టి యంత్రమును కొని, ఒక శనివారము భజనకు తెచ్చెను. “తాతా, ఇది లండను సౌండు, విను” అని మురిసిపోయెను. తాతయ్యగారి తత్త్వము మొదలైనది. యంత్రము ఉరిమినది. పాట ముగియగానే ఒక ముదుసలి తల్లి అన్నది: “పాట యాడుంది నాయనా? మోత మాత్రమే వినిపిస్తా ఉంది.” పిల్లవాని ముఖము చిన్నబోయెను. తప్పు వానిది కాదు, యంత్రముదియు కాదు. రాత్రివేళ ఒంటరిగా, మెల్లగా విని కుదిర్చిన నాదమును సభకు తెచ్చుటయే తప్పు. చెవి గుణమును 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. ధ్వని తగ్గినప్పుడు మంద్రము చెవికి మిక్కిలి తక్కువగా అందును. అందుచేత మెల్లగా వినుచు మంద్రమును పెంచినవాడు సభలో ఆ మంద్రము క్రిందనే మునుగును.

మరునాడు ఇరువురము కూర్చుండి మొదటినుండి ఆరంభించితిమి. గెయిన్ అను నాబును సగమునకు పైగా తగ్గించితిమి. ఎక్కువ రాయిని త్రవ్వినంత మాత్రమున ఎక్కువ బంగారము రాదని గనిపనివారికి తెలియనిది కాదు. గిటారు లావు తీగె స్వరము సుమారు 82 హెర్ట్జులు. దానికి క్రిందనున్న రొద నాదము కాదు గనుక కోసివేసితిమి. నిజమైన గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జులకు పైన పెద్దగా పలుకదు; సాధారణ స్పీకరులో ఆ పైభాగము ఈగ రొదవలె వినబడును గనుక దానిని తగ్గించితిమి. నిశ్శబ్దము కొరకు పెట్టు నాయిస్ గేటు గమకపు తోకను కత్తిరించుచుండెను, దానిని తీసివేసితిమి. శ్రుతి తీగెను స్వరపు తీగెతో కలిపి గరుకు నాదములోనికి పంపినచో, రెంటికి పుట్టిన లేని స్వరములు పాటను కలచివేయును. కావున శ్రుతిని తంబూరకే విడిచితిమి. తుదకు భజన మందిరములోనే, తాళముల మధ్యనే, ధ్వని మట్టమును నిర్ణయించితిమి. మరుసటి శనివారము పాట వినబడినది. ఆ ముదుసలి తల్లి కన్నులు మూసికొని తలయూచినది.

ఈ సందర్భమున మన గనులలో జరిగిన మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1965లో బొంబాయి టాటా పరిశోధనాలయము, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హాం విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు మించిన లోతున, వాతావరణములో పుట్టిన న్యూట్రినోల జాడను కనుగొనిరి. ఇతర కిరణముల రొదను పైనున్న రాయి ఆపుటచేతనే ఆ సూక్ష్మ సంకేతము వారికి తెలిసినది. రొదను తొలగించినగాని నిజము వినబడదు. గిటారునకును ఇదియే సూత్రము.

నేడు గనులు మూతబడినవి. సైనైడు దిబ్బలు మిగిలినవి. ఎన్నో కుటుంబములు బెంగుళూరునకు, చెన్నైకి, విదేశములకు తరలిపోయినవి. యంత్రములోని పట్టిక విప్పి చూడుడు: లండను గొంతుక కలదు, కాలిఫోర్నియా గొంతుక కలదు. అవి అచ్చట ఉండుటకు కారణము, ఎవరో వానిని కొలిచి నమోదు చేయుటయే. మన భజన మందిరపు ప్రతిధ్వని అందు లేదు. దానిని ఎవరును కొలువలేదు గనుక. అయితే కొలుచు సాధనము ఇప్పుడు మన పిల్లవాని చేతిలోనే యున్నది. ఒక గది ప్రతిధ్వనిని ఇంపల్స్ రెస్పాన్స్ అను రూపమున పట్టి దాచుకొనుటకు ఒక మంచి మైకు, ఒక కంప్యూటరు చాలును.

కావున తల్లిదండ్రులకు నా మనవి యిది. పిల్లవాడు యంత్రము అడిగినచో కాదనకుడు. కాని దానితోపాటు ఒక మాట పెట్టుడు: మొదట తాత, అవ్వ పాడు తత్త్వములను నాలుగింటిని నేర్చుకొని, వారి గొంతులను రికార్డు చేయవలెను. పిదప నాబులు త్రిప్పవచ్చును. ఏ గొంతుకను వెదకుచున్నాడో తెలిసిన పిల్లవానికి యంత్రము సేవకుడగును. తెలియనివానికి అది పరుల గొంతుకను నేర్పు గురువగును. గనిలో బంగారము తరిగిపోయినది. అవ్వల గొంతులో ఉన్నది ఇంకను తరుగలేదు; దానిని వెలికితీయు పని ఆలస్యము కారాదు.